పడవ కనపడకపోతే: స్కూబా డైవర్ దగ్గర ఏ పరికరం ఉండాలి?

ఓఎంఆర్ ఆఫీసుల్లో వారమంతా పనిచేసి, శనివారం తెల్లవారకముందే తీరం వెంబడి పోయే ఈసీఆర్ రోడ్డెక్కి, నగరం పక్కనున్న కోవళం వైపు వెళ్లే తెలుగు కుర్రాళ్లు చెన్నైలో చాలామందే ఉన్నారు. కుదిరితే పుదుచ్చేరి దాకా వెళ్తారు, ఏడాదికోసారి అండమాన్ ప్లాన్ చేసుకుంటారు. డైవింగ్ కార్డు చేతికొచ్చిన కొన్నాళ్లకు వాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, సముద్రంలో తప్పిపోతే మనల్ని కనిపెట్టే పరికరం ఒకటి కొందామనుకుంటున్నా. ఏది మంచిది?"

దీనికి ఒక బ్రాండు పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ అలా కొన్న పరికరం అవసరం పడిన రోజున అక్కరకు రాకపోవచ్చు. అందుకే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: నువ్వు పంపే సంకేతాన్ని అందుకోవాల్సింది ఎవరు? మీ పడవ నడిపే మనిషా, దారిన పోయే చేపల పడవా, దూరంగా లంగరేసిన ఓడా, లేక ఆకాశంలో ఉన్న ఉపగ్రహమా? ఈ నలుగురికీ ఒకే పరికరంతో వినిపించడం కుదరదు. ధరలు, ఫీచర్లు అన్నీ దాని తర్వాత చూసుకోవచ్చు.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. నీటి అడుగున ఉన్నప్పుడు రేడియో సంకేతం పంపే పరికరం ఏదీ పనిచేయదు. ఉప్పునీటిలో రేడియో తరంగాలు ముందుకు సాగవు, జీపీఎస్ కూడా అందదు. పైకి తేలాక, యాంటెన్నా గాలిలో ఉన్నప్పుడే వీటి పని మొదలవుతుంది. చేతికున్న వాచీలో జీపీఎస్ ఉందిలే అని ధైర్యంగా ఉండేవాళ్లను చూశాను. మీరెక్కడున్నారో అది మీకు చెబుతుంది, ఇంకొకరికి చెప్పదు.

ఇక సముద్రం సంగతి. తేలుతున్న డైవర్‌లో పైకి కనపడేది తల ఒక్కటే. పడవలో నిలబడిన మనిషి కన్ను నీటికి రెండు మీటర్ల ఎత్తులో ఉంటే అతనికి దిగంతం దాదాపు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంతవరకూ తలలు కనపడతాయని కాదు. మీటరు ఎత్తు అలలు లేస్తుంటే కొద్ది వందల మీటర్ల దూరంలో ఉన్న తల కూడా ఎక్కువసేపు అల చాటునే ఉంటుంది. పైగా మనం ఉన్నచోట ఉండం. ఒక నాట్ వేగమున్న ప్రవాహం అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. ట్యాంకు, బీసీడీ (గాలి నింపుకుని తేలే జాకెట్) వేసుకుని దానికి ఎదురీదడం ఎవరివల్లా ఎక్కువసేపు కాదు. రెండు గంటలు గడిస్తే మూడున్నర కిలోమీటర్లు దాటిపోతాం.

ఎటు కొట్టుకుపోతామన్నది కూడా తెలిసి ఉండాలి. మన తూర్పు తీరం వెంబడి సాగే పెద్ద ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా స్థూలంగా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. అంటే కోవళం దగ్గర మార్చిలో తప్పిపోయిన మనిషి చెన్నై, ఎన్నూరు, పులికాట్ వైపు పోయే అవకాశం ఎక్కువ. నవంబరులో అయితే మహాబలిపురం, పుదుచ్చేరి వైపు. ఒడ్డుకు దగ్గర్లో గాలి, ఆటుపోట్లు ఈ లెక్కను మార్చేస్తాయి కాబట్టి ఆ రోజు నీళ్లు ఎటు లాగుతున్నాయో దూకేముందే పడవవాళ్లను అడగాలి. అడిగితే కచ్చితంగా చెబుతారు. అడిగేవాళ్లే తక్కువ.

పడవవాడికి కనపడటం

మొదటి కొనుగోలు ఏదంటే నా జవాబులో మార్పు ఉండదు: ఎస్ఎమ్‌బీ. డైవర్లు సాసేజ్ అని పిలిచే పొడుగాటి గాలి గొట్టం, దానికి దారం చుట్టిన స్పూల్. బ్యాటరీ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, ఖర్చు కొన్ని వేలల్లో అయిపోతుంది. నిజంగా దారితప్పిన డైవర్లలో ఎక్కువమందిని వెతికేది వాళ్ల సొంత పడవే కాబట్టి, ఆ పడవవాడి కంటికి ఆనడమే అన్నిటికన్నా ముందు పని.

కొనేటప్పుడు ఎత్తు చూడండి. మీటరు లోపు సన్న గొట్టాలు గాలికి వాలిపోతాయి. మీటరున్నర, ఇంకాస్త ఎక్కువ ఉన్నవి, కాస్త లావుగా ఉన్నవి మంచివి. ఎక్కువైన గాలిని వదిలే వాల్వు, లోపలికి పోయిన గాలి కింది నుంచి తప్పించుకోకుండా ఆపే మూతి ఉండాలి. రంగు విషయంలో నారింజ లేదా ఎరుపు అంటే ఇక్కడ డైవరున్నాడని, పసుపు అంటే సాయం కావాలని చాలాచోట్ల అనుకుంటారు. అయితే అది ప్రపంచమంతా పాటించే నియమం కాదు. మీ పడవవాళ్లు ఏ రంగును ఎలా అర్థం చేసుకుంటారో ముందే మాట్లాడుకోవాలి.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, డైవ్‌లకు పడవ నడిపే ఒక పెద్దాయనతో మాట్లాడినప్పుడు నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఆయనది పులికాట్ వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "బాబూ, మీ గొట్టం నిలబెట్టి ఊరుకుంటే దూరం నుంచి అది వల జెండాలాగే ఉంటుంది. వల ఉందనుకుని మేం పక్కకు తిప్పేస్తాం. ఊపండి, అప్పుడు మనిషని తెలుస్తుంది" అన్నారు. నిజమే. మన తీరంలో వలలు వేసిన చోట కర్రకు గుడ్డ కట్టి, కింద థర్మాకోల్ ముక్కో ప్లాస్టిక్ డబ్బానో పెట్టి వదులుతారు. సముద్రం నిండా అవే. చేపల పడవలు వాటికి దూరంగా పోవడం అలవాటు చేసుకున్నాయి. విదేశీ పాఠాల్లో ఈ సంగతి కనపడదు. పడవ కనపడగానే గొట్టాన్ని అటూ ఇటూ పెద్దగా ఊపాలి. మధ్యమధ్య నీళ్లకేసి కొట్టాలి.

ఎస్ఎమ్‌బీని పైకి తేలాక ఊదుకోవచ్చు. కానీ సేఫ్టీ స్టాప్ దగ్గర, అంటే పైకి వస్తూ కాసేపు ఆగే ఐదు మీటర్ల లోతులో ఉండగానే వదిలితే పడవవాడు ముందే చూసి అటు వస్తాడు. ఇక్కడ కాస్త లెక్క తెలియాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ సగం నింపితే పైకి వచ్చేసరికి అదే నిండుతుంది. ఐదు మీటర్ల దగ్గరైతే మూడింట రెండొంతులు చాలు. నింపేముందు తలెత్తి పైన ఏ పడవా లేదని చూడాలి. స్పూల్‌ని చేతిలో వదులుగా పట్టుకోవాలి. దాన్ని బీసీడీకి తగిలించి గొట్టం నింపడం చాలా ప్రమాదం. దారం చిక్కుపడితే గొట్టం మనిషిని కూడా పైకి లాక్కుపోతుంది. అంత వేగంగా పైకి వస్తే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు, ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టే డికంప్రెషన్ జబ్బు రావచ్చు. దారం చిక్కుపడిందనిపిస్తే వెంటనే వదిలేయండి. గొట్టం పోతే పోయింది. పైకి వచ్చాక కింది భాగాన్ని నీళ్లలోకి గట్టిగా లాగి పట్టుకుంటేనే అది నిటారుగా నిలబడుతుంది. ఇదంతా స్విమ్మింగ్ పూల్‌లో చేతికి అలవాటయ్యేదాకా సాధన చేయాలి. కొత్త ప్యాకెట్‌ని బీసీడీ జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్.

దానికి తోడు చిన్న అద్దం, ఈల, టార్చ్ ఉండాలి. ఈల పనికిరానిదేమీ కాదు కానీ ఇంజన్ నడుస్తున్న పడవలో అది వినపడదు. పక్కనే తేలుతున్న తోటి డైవర్లను దగ్గర చేర్చుకోవడానికి, ఇంజన్ ఆపి చెవి రిక్కించి వెతికేవాళ్లకు పనికొస్తుంది. బీసీడీలోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్‌కి బిగించే ఎయిర్ హారన్లు చాలా దూరం వినపడతాయి. అయితే అవి ట్యాంకులో గాలితో మోగుతాయి. అందుకే పైకి వచ్చేసరికి ట్యాంకులో కొంత గాలి మిగిలి ఉండటం ఇందుకు కూడా అవసరం. టార్చ్‌ని రాత్రిపూట ఎస్ఎమ్‌బీ మూతి దగ్గర పెట్టి లోపలికి వెలిగిస్తే గొట్టమంతా వెలుగుతుంది. చేతిలో ఊపే చిన్న వెలుతురు కన్నా అది చాలా మేలు.

అద్దాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎండ ఉన్నప్పుడు దాని మెరుపు కిలోమీటర్ల దూరానికి, అందులోనూ పైన ఎగిరే విమానానికి, బాగా కనపడుతుంది. ఒక చేయి చాపి రెండు వేళ్లు విడదీసి పడవ ఆ వేళ్ల సందులో ఉండేలా చూసుకోవాలి. అద్దం నుంచి వచ్చే వెలుగు ఆ వేళ్ల మీద పడేలా తిప్పితే మెరుపు సూటిగా పడవ మీదికి పోతుంది. మబ్బు పట్టిన రోజున, రాత్రి అది పనికిరాదు.

ఎవరూ వెతకనప్పుడు

పైన చెప్పినవన్నీ ఎవరో ఒకరు చుట్టుపక్కల ఉంటేనే పనికొస్తాయి. అలా లేని సందర్భాలు ఉన్నాయి. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర లోనెర్గన్ దంపతులను లెక్క తప్పి వదిలేసి పడవ ఒడ్డుకు వెళ్లిపోయింది. వాళ్లు లేరన్న సంగతి రెండు రోజుల దాకా ఎవరికీ తట్టలేదు. వాళ్లు మళ్లీ కనపడలేదు. 2014 ఫిబ్రవరిలో బాలి పక్కన ఏడుగురు జపాన్ మహిళా డైవర్లు కొట్టుకుపోతే ఐదుగురు మూడు రోజులకు ప్రాణాలతో దొరికారు. 2022 ఏప్రిల్‌లో మలేసియాలోని మెర్సింగ్ దగ్గర నలుగురు నీళ్ల పైకి వచ్చేసరికి పడవ లేదు. వాళ్లలో పద్నాలుగేళ్ల కుర్రాడు ఒకడు దక్కలేదు. బతికినవాళ్లలో ఒకరు మర్నాడు దొరికారు, మిగతా ఇద్దరిని రెండు రోజులకు పైగా కొట్టుకుపోయాక చేపలు పట్టేవాళ్లు కాపాడారు.

ఇలాంటి చోట పనికొచ్చేది పీఎల్‌బీ, అంటే పర్సనల్ లొకేటర్ బీకన్. అరచేతిలో పట్టే పసుపు డబ్బా, మడిచి పెట్టిన యాంటెన్నా, మూత కింద ఒక బటన్. నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఐదు వాట్ల శక్తితో ఆపద సంకేతం పంపుతుంది. దాన్ని వినే వ్యవస్థ పేరు కోస్పాస్-సార్సాట్. అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టిన ఈ ఉపగ్రహ వ్యవస్థ 1982లోనే ప్రాణాలు కాపాడింది. నెలనెలా చందా కట్టే పని లేదు.

కోవళం నుంచి ఆ సంకేతం ఎటు పోతుందో చూడండి. ఉపగ్రహం అందుకుని నేలకు దించుతుంది. మన దేశంలో దాన్ని అందుకునే గ్రౌండ్ స్టేషన్లు బెంగళూరు, లక్నోల్లో ఉన్నాయి. బెంగళూరు పీణ్యాలో ఇస్రోకి చెందిన ఇస్ట్రాక్ ఆవరణలో భారత మిషన్ కంట్రోల్ సెంటర్ రాత్రింబవళ్లు పనిచేస్తుంది. అక్కడి నుంచి సమాచారం చెన్నైలోని కోస్ట్ గార్డ్ సముద్ర రక్షణ సమన్వయ కేంద్రానికి వెళ్తుంది. ఓడను పంపాలా, విమానం పంపాలా, దగ్గర్లో ఉన్న వాణిజ్య నౌకను దారి మళ్లించాలా అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. జీపీఎస్ ఉన్న పీఎల్‌బీ అయితే మీరున్న చోటు వంద మీటర్ల తేడాలో తెలిసిపోతుంది. దగ్గరికి వచ్చాక 121.5 మెగాహెర్ట్జ్ మీద అది పంపే చిన్న సంకేతాన్ని పట్టుకుని మీ దాకా వస్తారు. ఈ 121.5ను ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1న ఆపేశాయి. కాబట్టి ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ మీదే పనిచేసే పాత పరికరం ఎవరైనా చవగ్గా ఇస్తానంటే వద్దనండి.

కొత్త మోడళ్లు కొన్నింటిలో యూరప్‌ వాళ్ల గెలీలియో ఉపగ్రహాల ద్వారా తిరుగు సంకేతం వస్తుంది. 2020 నుంచి ఈ సదుపాయం ఉంది. మీ కేక అందిందని డబ్బా మీద చిన్న లైటు చెబుతుంది. నీళ్లలో ఒంటరిగా తేలుతున్న మనిషికి ఆ లైటు ఇచ్చే బలం మాటల్లో చెప్పలేం. బడ్జెట్ ఉంటే ఈ మోడలే తీసుకోండి.

పీఎల్‌బీతో డైవర్లకు రెండు చిక్కులున్నాయి. మొదటిది లోతు. ఇవి పడవల్లో తిరిగేవాళ్ల కోసం, ట్రెక్కింగ్ చేసేవాళ్ల కోసం తయారైనవి. చాలా మోడళ్లు ఐదు నుంచి పదిహేను మీటర్ల నీటికే తట్టుకుంటాయి. ముప్పై మీటర్ల డైవ్‌కి తీసుకెళ్లాలంటే లోతుకు తట్టుకునే విడి డబ్బాలో పెట్టాలి. ఆ డబ్బా మూతలోని రబ్బరు ఓ-రింగ్‌కి గ్రీజు రాసి, ఇసుక రేణువు లేకుండా చూసుకోవాలి. అలల్లో ఊగుతూ, తడి చేతులతో, డబ్బా జారిపోకుండా తెరవడం అంత తేలిక కాదు. లోపలి పీఎల్‌బీకి తాడు కట్టి, ఆ తాడు బీసీడీకి తగిలించాకే మూత తిప్పాలి. రెండోది, చాలా పీఎల్‌బీలు ఓడల మీది పెద్ద బీకన్‌లలా తమంతట తాము నిటారుగా తేలవు. యాంటెన్నా ఆకాశం వైపు ఉండేలా మనమే పట్టుకోవాలి. బ్యాటరీ కనీసం 24 గంటలు పనిచేసేలా తయారుచేస్తారు. అన్ని గంటలు చేయి పైకెత్తి ఉంచలేం కాబట్టి గాలి నింపిన బీసీడీ భుజం పట్టీకి బిగించుకోవాలి.

ఇక మనవాళ్లు తప్పకుండా చేసే పని: "అమెరికాలో తమ్ముడున్నాడు, వచ్చేటప్పుడు తెమ్మంటా." తెప్పించుకునే ముందు ఒక మాట. ప్రతి పీఎల్‌బీలో ఒక దేశం కోడ్ ఉంటుంది. మన దేశానిది 419. అమెరికా కోడ్‌తో వచ్చిన డబ్బా వివరాలు అమెరికా రిజిస్ట్రీలో ఉండాలి. భారత కోడ్ ఉన్నది బెంగళూరు కేంద్రం దగ్గర నమోదు కావాలి. నమోదులో మీ పేరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు ఉంటాయి. సంకేతం రాగానే వాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేసి, మీరు నిజంగా సముద్రం మీదికి వెళ్లారా అని కనుక్కుంటారు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా డైవ్‌కి వెళ్లినవాళ్ల విషయంలో ఈ ఫోనే వృథా అవుతుంది. నమోదు చేయని డబ్బా కూడా సంకేతం పంపుతుంది, కానీ దాని వెనక మనిషెవరో తెలియదు. ఇది రేడియో పరికరం కాబట్టి దిగుమతికి టెలికాం శాఖ డబ్ల్యుపీసీ విభాగం నియమాలు కూడా వర్తిస్తాయి. అమ్మేవాళ్లనే భారత కోడ్‌తో, కాగితాలతో ఇమ్మని అడగడం మంచిది.

చుట్టూ ఓడలుంటే

ఓడలు తమ చోటును ఒకదానికొకటి తెలుపుకునే రేడియో వ్యవస్థ ఏఐఎస్. దాన్ని వాడే పరికరాల దారి వేరు. ఇవి ఉపగ్రహాన్ని నమ్ముకోవు, చుట్టుపక్కల ఓడల తెర మీద మీ చోటును చుక్కగా చూపిస్తాయి. నాటిలస్ కంపెనీ డైవర్ల కోసమే చేసిన పరికరం మూత బిగించి ఉంటే 130 మీటర్ల లోతుకు తట్టుకుంటుంది, విడి డబ్బా అక్కర్లేదు. ఏఐఎస్‌తో పాటు పడవల్లో వాడే వీహెచ్‌ఎఫ్ రేడియోలకు డీఎస్‌సీ అనే డిజిటల్ ఆపద సందేశం కూడా పంపుతుంది. మీ చోటును నిమిషనిమిషానికి చూపిస్తూ ఉంటుంది కాబట్టి, రిసీవర్ ఉన్న పడవ అయితే సూటిగా మీ దగ్గరికే వస్తుంది. మాల్దీవుల లాంటి చోట రోజుల తరబడి పెద్ద పడవలోనే ఉండి డైవ్ చేసేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. జర్మనీలో తయారైన ఎనోస్ అనే వ్యవస్థ కూడా ఇలాంటిదే. పడవలో దాని సొంత రిసీవర్ ఉంటుంది, డైవర్లకు పడవవాళ్లే పరికరాలు ఇస్తారు.

మన దగ్గర చిక్కల్లా వినేవాడితోనే. కోవళంలో డైవ్‌కి తీసుకెళ్లే ఫైబర్ పడవలో ఏఐఎస్ రిసీవర్ ఉండటం అరుదు. డీఎస్‌సీ లేని చేతి రేడియో ఉన్నా మీ చుక్క దానికి కనపడదు. అయితే చెన్నై, ఎన్నూరు, కాట్టుపల్లి ఓడరేవుల ముందు లంగరేసిన పెద్ద ఓడలన్నిటికీ ఏఐఎస్ ఉంటుంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నుల పైబడిన ఓడలకు అది తప్పనిసరి. నీటిమట్టంలో ఉన్న చిన్న యాంటెన్నా సంకేతం ఎత్తైన ఓడకు ఏడెనిమిది కిలోమీటర్ల దాకా అందవచ్చు. అలలను బట్టి తగ్గనూ వచ్చు. చెన్నైకి ఉత్తరాన డైవ్ చేస్తే ఈ పరికరానికి వినేవాళ్లుంటారు. అండమాన్‌లో మారుమూల దిబ్బ దగ్గర కిలోమీటర్ల దూరం ఎవరూ లేకపోవచ్చు. అక్కడ పీఎల్‌బీయే గతి.

ఉపగ్రహ మెసెంజర్ల గురించి వేడుకోలుగా చెబుతున్నాను, తెచ్చుకోకండి. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి ఇరిడియం ఉపగ్రహాల మీద నడుస్తాయి. మన దేశంలో ఇరిడియం, తురాయా పరికరాలను టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. తెలియక తెచ్చుకున్న విదేశీ పర్యాటకులను విమానాశ్రయాల్లో ఆపి కేసులు పెట్టిన సంఘటనలు ఉన్నాయి. విదేశీ వీడియోల్లో ఇదే అన్నిటికన్నా మంచిదని చెబుతారు. వాళ్ల దేశంలో అది నిజమే కావచ్చు. పొగ, మంట వచ్చే ఫ్లేర్లను కూడా విమానంలోకి అనుమతించరు.

అంతా కలిపి చూస్తే, చెన్నై, పుదుచ్చేరి చుట్టుపక్కల ఫైబర్ పడవల్లో డైవ్ చేసేవాళ్లకు పెద్ద ఎస్ఎమ్‌బీ, స్పూల్, అద్దం, ఈల, టార్చ్‌తోనే చాలావరకు పని జరుగుతుంది. ముందు వాటి మీద ఖర్చు పెట్టండి, వాటిని వాడటం నేర్చుకోండి. ఏటా అండమాన్ వెళ్తూ, ప్రవాహం ఎక్కువ ఉన్న చోట్ల దిగేవాళ్లకు వాటి పైన పీఎల్‌బీ. పీఎల్‌బీ ధర మూడు నాలుగు వందల డాలర్లు, దాని లోతు డబ్బా ఖర్చు వేరే. ఏఐఎస్ పరికరం కొనేముందు మీరు ఎక్కే పడవలో రిసీవర్ ఉందా అని ఫోన్ చేసి అడగండి. లేదంటే ఆ డబ్బును ఇంకో పెద్ద ఎస్ఎమ్‌బీ మీద, బడ్డీకి (జతగా దిగే డైవర్‌కి) కూడా ఒకటి కొనివ్వడం మీద పెట్టడం మేలు. ఇద్దరూ విడిపోతే ఒకడి జేబులో ఉన్నది ఇంకొకడికి అక్కరకు రాదు.

పరికరాలతో పాటు ఒడ్డున ఒక మనిషి కావాలి. ఏ పడవ, ఎక్కడ దిగుతున్నాం, ఎన్నింటికి తిరిగొస్తాం అన్నది రాసి ఇంట్లో ఒకరికి పంపండి. ఆ టైము దాటి గంటైనా ఫోన్ రాకపోతే కోస్ట్ గార్డ్ నంబరు 1554కి చేయమని చెప్పండి. దిగిన చోటు, ఆఖరిసారి కనపడిన సమయం, ఎంతమంది, ఏ రంగు గేర్ అన్నది చెప్పగలిగితే వాళ్లు ఆ రోజు ప్రవాహాన్ని బట్టి ఎటు వెతకాలో లెక్కగట్టుకుంటారు.

పీఎల్‌బీ కొన్నవాళ్లు దాన్ని ఆన్ చేసి పరీక్షించకూడదు. ప్రతి మోడల్లోనూ సెల్ఫ్-టెస్ట్ ఉంటుంది, మాన్యువల్లో చెప్పినన్నిసార్లే దాన్ని వాడాలి. బ్యాటరీ గడువు తేదీ డబ్బా మీదే ఉంటుంది. బ్యాగులో పొరపాటున నొక్కుకుపోయి ఆన్ అయితే భయపడి దాచిపెట్టకండి. ఎవరో ఆపదలో ఉన్నారనుకుని అవతల మనుషులు అప్పటికే కదిలి ఉంటారు. వెంటనే ఆపేసి 1554కి ఫోన్ చేయండి. ఎప్పుడు ఆన్ అయింది, ఎప్పుడు ఆపారు అన్నదీ, పరికరం మీద ముద్రించిన 15 అక్షరాల హెక్స్ ఐడీ ఏమిటన్నదీ చెబితే వాళ్లు ఆ కేసును అక్కడికక్కడే మూసేయగలుగుతారు.